బోడిపూల మొక్క

మా అత్తగారికీ మా తోడికోడలికీ మధ్య జరిగిన ఏకైక యుద్ధానికి కారణం ఒక ఎండుకొమ్మ.

తోడికోడలు కొత్తగా కాపురానికి వచ్చిన రోజులవి. కాలేజీలో మొక్కల మీద పరిశోధన చేస్తోందని ముందే చెప్పారు గానీ, ఆ మొక్కలు ఇంటికి కూడా వస్తాయని ఎవరూ చెప్పలేదు. ఒకరోజు భోజనాల బల్ల కింద పాత పేపర్లు దొంతరగా పేర్చి, మధ్యలో ఒక కొమ్మను పరిచి, అది అణిగి ఎండడానికి ఇంట్లో ఉన్న బరువైన పుస్తకాలన్నీ దాని మీద పేర్చింది. అంటే నేను డిగ్రీలో చదివిన చరిత్ర పుస్తకాలు. పరీక్షలయ్యాక వాటితో ఒకరికి పని పడటం అదే మొదటిసారి. మర్నాడు అత్తగారు ఊడుస్తూ ఊడుస్తూ బల్ల కిందికి వెళ్లారు. పుస్తకాలు అలమరలోకి, పేపర్లు కట్టలోకి, మధ్యలో దొరికింది చెత్తబుట్టలోకి వెళ్లాయి.

"కొండెక్కి తెచ్చుకున్నానత్తయ్యా దాన్ని!" అంది తోడికోడలు, ఏడుపు ఒక్కటే తక్కువగా.

"కొండ అక్కడే ఉందిగా అమ్మాయ్, మళ్లీ తెచ్చుకో," అన్నారు అత్తగారు.

ఆ తర్వాత కొన్నాళ్లపాటు మా ఇంట్లో కుక్కరు తప్ప ఎవరూ నోరు విప్పలేదు. చివరికి మా మరిది, అంటే తోడికోడలి భర్త, మధ్యవర్తిగా కూర్చుని సంధి కుదిర్చాడు. "సరే. ఈ పిల్ల గడ్డీగాదం నేను ముట్టుకోను, దాని గురించి మాట్లాడను. పండినా కుళ్లినా నాకనవసరం," అన్నారు అత్తగారు. ఆవిడ మాట మీద నిలబడే మనిషి. మాట తప్పే అత్తగారు ఉంటే ఇంటికి ఎంత మేలో నాకు ఆ తర్వాత తెలిసింది.

ఇక మొక్క సంగతి. ఊరవతల రాళ్లకొండ మీద తప్ప ఇంకెక్కడా కనపడని చిన్న పొద అది. మోకాలెత్తు మించి పెరగదు. ఆకులు గోటంత, అడుగున బూడిదరంగు నూగు. పూలంటే పూలు కావు. ఆకుపచ్చ గిన్నెలో కుచ్చులాగా కేసరాలు, నడుమ కాయ కాబోయే బొడిపె, అంతే. రేకులు లేవు. అందుకని కాలేజీలో అందరూ దాన్ని బోడిపూల మొక్క అంటారు. శాస్త్రీయమైన పేరు కూడా ఒకటుంది గానీ, అది పలికేలోపు పాలు పొంగిపోతాయి.

మొక్కలకీ మనలాగే ఇంటిపేర్లుంటాయట. కూరలు తరుగుతూ తోడికోడలు నాకు చెప్పిన పాఠం ఇది. ఆకుల్ని చూసి ఇంటిపేరు చెప్పకూడదు, అవి నేలను బట్టీ నీళ్లను బట్టీ మారతాయి. పువ్వును చూసి చెప్పాలి. రేకులెన్ని, కేసరాలెన్ని, అవి ఎక్కడ అతుక్కున్నాయి అనేది చూసి ఫలానా కుటుంబం అని తేలుస్తారు. తేల్చాక ఎండబెట్టిన కొమ్మను అట్టకు అంటించి ఆ కుటుంబం బీరువాలో పెడతారు. కాలేజీలో అలాంటి బీరువాలు వరసగా ఉంటాయి, బంధువుల ఫొటోలు పెట్టుకున్నట్టు.

మా తోడికోడలి గైడుగారు కుర్రవాడుగా ఉన్నప్పుడు ఈ పొదను పరిశీలించి, రేకులు లేవు కనుక రేకుల్లేని కుటుంబంలో చేర్చారు. అప్పటినుంచి ఆ కొండకి ఎవరెన్నిసార్లు వెళ్లినా రేకుల్లేని కొమ్మలే తెచ్చారు. బీరువా నిండా ఆయన పక్షాన సాక్షులే.

తోడికోడలికి మాత్రం ఆ చుట్టరికం మింగుడు పడలేదు. పూచికపుల్లనైనా వదలకుండా చూస్తుందని మా మరిది ఆమెకు భూతద్దం అని పేరు పెట్టాడు. ఆ భూతద్దం ఒకనాడు వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, పూల గిన్నె అంచు మీద మచ్చలున్నాయి. ప్రతి పువ్వుకీ అయిదు. సమానమైన దూరంలో."

"అయితే?"

"అక్కడేదో ఉండి ఊడిపోయింది. చెవికి రంధ్రం ఉందంటే ఎప్పుడో కమ్మ ఉన్నట్టే కదా? దీనికి రేకులున్నాయక్కా! ఉంటే ఇది ఆ కుటుంబం కాదు, పక్క బీరువా వాళ్ల పిల్ల. పైగా ఆ బీరువాలో కూడా దీనికి సరిపోయే ప్రజాతి, అంటే శాఖ, లేదు. కొత్తది పెట్టాలి."

"మరి ఆ కమ్మలేవీ?"

"అదే తెలియట్లేదు," అని స్టూలు మీద కూలబడింది.

గైడుగారూ అదే అడిగారట. "మచ్చ చూపించి మనిషిని చూపించానంటే ఎలాగమ్మా? రేకు చూపించు, ఒప్పుకుంటాను," అన్నారట. న్యాయమైన మాటే. ఆయన చెడ్డవాడని చెప్పగలిగితే కథ సులువయ్యేది, కానీ కాదు. ఇబ్బందల్లా గడువుతో వచ్చింది. సిద్ధాంత గ్రంథం ఇచ్చేయడానికి పూతకాలం అయ్యేదాకానే సమయం, ఇంక పొడిగించరు. అప్పటికి రేకు దొరక్కపోతే ఆ అధ్యాయం తీసెయ్యాలి. తీసేస్తే మిగిలేది అట్టా, కృతజ్ఞతలూ.

అనుమతి తీసుకుని కొండ మీది నుంచి ఒక పొదను వేళ్లతో తెచ్చి, పిడి ఊడిన బకెట్లో నాటి మా బాల్కనీలో పెట్టింది. దానికి రోజూ నాలుగైదు పూలు. పొద్దున లేవగానే చూస్తే నిన్నటి మొగ్గ స్థానంలో బోడిపువ్వు. రాత్రి పడుకోబోయే ముందు టార్చి వేసి చూస్తే గట్టిగా మూసుకున్న మొగ్గ. మధ్యలో ఏం జరుగుతోందో అంతుచిక్కలేదు.

"తెల్లారగట్ల రాలుతున్నాయేమో," అన్నాను నేను.

"నాకూ అదే అనిపించిందక్కా. కానీ రాలితే కింద ఉండాలి కదా? నేల అద్దంలా ఉంది. బకెట్లో మట్టి మీద కూడా ఏమీ లేదు. అంటే మొగ్గలోనే ఎండిపోతున్నాయో, అసలు లేనే లేవో."

నేను తలూపాను. నేల అద్దంలా ఎందుకుందో నాకూ తట్టలేదు. ఇంట్లో ఊడ్చే మనిషి ఉంటే ఊడ్చిన నేల ఎవరి కంటికీ ఆనదు.

పూతకాలం చివరికొచ్చింది. ఒకరోజు పొద్దున్నే తోడికోడలు బట్టలుతికే చోట నిలబడి, నీళ్లు వదిలేసి, ఏడుస్తోంది. అధ్యాయం తీసేస్తున్నానని గైడుగారికి చెప్పడానికి వెళ్లబోతోంది. నేను ఏదో అనబోయేలోగా అత్తగారు వచ్చి కుళాయి కట్టేశారు. నీళ్లు వృథా అయితే ఆవిడ చూడలేరు, ఎవరైనా ఏడిస్తే అసలే చూడలేరు.

"ఏమైందే?"

"ఏం లేదత్తయ్యా."

"ఆ మొక్క కోసమేనా? నేను మాట్లాడనన్నాను కాబట్టి మాట్లాడలేదు. ఇవాళ మాట్లాడతాను. అది పోతే పీడా పోయింది! నీ ఏడుపు అటుంచు, నా నడుం చూడు. ఇల్లంతా ఊడ్చి ఆఖర్న బాల్కనీకి వచ్చేసరికి పసుపు పొట్టు రాల్చి పెడుతుంది. ఊడిస్తే చీపురుకి అంటుకుంటుంది. మట్టిలో పడింది కూడా గిల్లి గిల్లి తీస్తున్నాను, నువ్వు లేచేసరికి నీ మొక్క శుభ్రంగా ఉండాలని. ఒక్కరోజైనా నోరెత్తానా?"

తోడికోడలు ఏడుపు సగంలో ఆగిపోయింది.

"ఏం పొట్టత్తయ్యా?"

"పొట్టంటే పొట్టు. ఉల్లిపొరలా."

"ఎక్కడుంది?"

"చెత్త ఎక్కడుంటుందమ్మా? చెత్తబండిలో. అదిగో మలుపు తిరుగుతోంది."

తోడికోడలు చెప్పుల్లేకుండా మెట్లు దిగింది. నేను బాల్కనీలోంచి చూస్తూ నిలబడ్డాను. చెత్తబండి అబ్బాయితో ఏం చెప్పిందో గానీ, అతను మా బుట్ట బోర్లించిన చోటు చూపించాడు, ఆమె అందులో మోచేతుల దాకా చేతులు పెట్టింది. ఎదురింటావిడ నన్ను చూసి "ఏం పోయింది, బంగారమా?" అని అరిచింది. "కమ్మలు," అన్నాను. ఆవిడకి ఆ సానుభూతి ఇంకా తగ్గలేదు.

టీపొడి, గుడ్డుపెంకులు తప్ప ఏమీ దొరకలేదు. అయినా పైకొచ్చినప్పుడు తోడికోడలి మొహం చూడాలి. అత్తగారి రెండు చేతులూ పట్టుకుంది, అవే చేతులతో. ఆవిడ అప్పుడు కూడా ఏమీ అనకపోవడం చూసి, యుద్ధం నిజంగానే ముగిసిందని నాకు అర్థమైంది.

మర్నాడు చీకటితోనే ముగ్గురం బాల్కనీలో కూర్చున్నాం. ముందు జాగ్రత్తగా చీపురు తీసి నా మంచం కింద దాచాను. అలవాటు చెడ్డది, చెయ్యి ఊరుకోదు. కాసేపటికి అత్తగారి చెయ్యి నిజంగానే గోడవారగా వెతకడం చూశాను.

ఆకాశం బూడిదరంగుకి తిరిగేవేళ ఒక మొగ్గ కదిలింది. మొగ్గ మొనలో పసుపు గీత ఒకటి కనపడింది, మడతపెట్టిన రుమాలు అంచులాగా. చూస్తుండగానే మడత విడింది. ఒకటి, రెండు, అయిదు రేకులు. ఎంత పల్చనివంటే వాటి వెనక ఉన్న బాల్కనీ ఇనుపకమ్మీ కూడా లీలగా కనిపిస్తోంది. ఏదో చిన్న తుమ్మెద వెంటనే వచ్చి వాలింది. కబురు దానికి మా కంటే ముందే తెలుసు. తోడికోడలు ఫొటోలు తీస్తోందే గానీ ఊపిరి తీస్తున్నట్టు లేదు. ఎదుటి మేడ మీది నీళ్లట్యాంకు పక్కనుంచి ఎండ దిగి బకెట్టు మీద పడింది. కొంచెంసేపటికి రేకులు ఒకదాని తర్వాత ఒకటి, ఎవరో పిలిచినట్టు, రాలిపోయాయి.

"ఇదే పొట్టు," అన్నారు అత్తగారు. రాలిన రేకొకటి వేలితో ఎత్తి చూసి, "పూసినప్పుడు బాగానే ఉంది," అన్నారు.

తోడికోడలు గైడుగారికి ఫొటోలు పంపి ఫోన్ చేసింది. మాకూ వినపడేలా స్పీకరు పెట్టింది.

"బాగున్నాయమ్మా," అన్నారాయన జాగ్రత్తగా. "కానీ ఫొటోలో నా తల మీద కూడా జుట్టు కనపడుతుంది. పైగా అది బకెట్లో పెరిగిన మొక్క. బియ్యం కడిగిన నీళ్లు తాగిన మొక్క ఏ వేషమైనా వేస్తుంది. కొండ మీద సహజంగా పెరిగిన పొదకి చూపించాలి."

"అయితే రండి సార్, కొండ మీదికి. తెల్లారకముందు."

"తెల్లారకముందా? ఎవరూ, నేనా?"

నేను అత్తగారి వైపు చూశాను. ఫోను చేతికివ్వడం ఒక్కటే నేను చేసిన పని. మిగతాదంతా ఆవిడ స్వభావం.

"బాబూ," అన్నారు అత్తగారు ఫోనులోకి, "నువ్వు ఎన్నింటికి లేస్తావు?"

"నమస్కారమండీ. ఏడు... ఏడున్నరకి."

"ఒంట్లో బాగుండదా?"

"బాగానే ఉంటుందండీ."

"మరి? నేను నీకంటే పెద్దదాన్ని. నాలుగున్నరకి లేచి ఇల్లంతా ఊడుస్తాను. పిల్ల ఏడుస్తోంది, ఒక్క పూట లేవలేవూ?"

"లేస్తానండీ," అన్నారు గైడుగారు. పరీక్షలో తప్పిన పిల్లాడిలా ఉంది గొంతు.

మర్నాడు మా మరిది స్నేహితుడి కారు అడిగి తెచ్చాడు. కాఫీ ఫ్లాస్కు పేరు చెప్పి నేనూ ఎక్కాను. చెప్పిన వేళకే గైడుగారి గేటు ముందున్నాం. లైటు వెలుగుతోంది, ఆయన మాత్రం రాలేదు. తోడికోడలు తూర్పు వైపు చూస్తూ గోళ్లు కొరుకుతోంది. మరిది హారను మీద చెయ్యి వేస్తే వద్దని తీసేస్తోంది. ఆకాశం ఎర్రబడుతుండగా ఆయన వచ్చారు. నున్నగా గీసిన గడ్డం, ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు. ఇన్నేళ్ల తర్వాత ఒక పువ్వు తనను చూడబోతోందని తెలిసినట్టు తయారయ్యారు.

"లెన్సు ఇప్పటిదాకా కనపడలేదమ్మా," అన్నారు.

కొండ దగ్గరికి చేరేసరికి ఎండ మా కంటే ముందే పైకెక్కింది. మొదటి పొద: బోడి. రెండోది: బోడి. వరసగా ఎన్ని చూసినా అన్నీ బోడి పూలే, వాటి కింద రాళ్ల మధ్య అక్కడక్కడా పసుపు పొట్టు. తోడికోడలు ఒక రేకును వేలి కొస మీద ఎత్తి చూపించింది.

"ఇది ఏ మొక్కదైనా కావచ్చుగా," అన్నారు గైడుగారు. వెటకారం లేదు, నిజంగానే బాధగా అన్నారు. "ఆలస్యం నాదే. కానీ చూడనిది చూశానని ఎలా సంతకం పెట్టను?"

"రేపు మళ్లీ వద్దాం సార్," అన్నాడు మరిది.

"రేపటికి మొగ్గలేవి?" అంది తోడికోడలు. నిజమే. కొమ్మల నిండా కాయలే. పూత ఆ రోజుతో సరి.

నేను ఫ్లాస్కు మూత తిప్పాను. అలాంటప్పుడు నా దగ్గర ఉండే శాస్త్రం అదొక్కటే. తోడికోడలు కాఫీ తీసుకోలేదు. రాళ్ల వైపు, వాటి నీడల వైపు చూస్తోంది.

"సార్, అవి గడియారం చూసి రాలవు. ఎండ తగిలి రాలతాయి. నిన్న బాల్కనీలో చూశాను, కమ్మీ నీడలో ఉన్న పువ్వు మిగతా వాటికంటే చాలాసేపు నిలబడింది."

ఆ మాట పూర్తికాకుండానే పరుగు తీసింది. కొంచెం పైన ఏనుగంత బండ ఉంది. దాని పడమటి పక్కకి వెళ్లి కనపడకుండా పోయింది. మేం ఆయాసపడుతూ ఎక్కుతున్నాం.

"సార్! సార్, పరిగెత్తండి!"

గైడుగారు చివరిసారి ఎప్పుడు పరిగెత్తారో నాకు తెలియదు. ఆయనకీ గుర్తుండి ఉండదు. కానీ పరిగెత్తారు.

బండ నీడలో, మంచుతడి ఆరని చోట, మూడు నాలుగు పొదలు. ప్రతి కొమ్మ చివరా పసుపు దీపాల్లా పూలు. గైడుగారు మోకాళ్ల మీద కూర్చున్నారు. ఇస్త్రీ సంగతి మర్చిపోయారు. లెన్సు కంటికి ఆనించి, ముట్టుకోకుండా, చాలాసేపు చూశారు. ఒక పువ్వు తర్వాత ఇంకో పువ్వు చూశారు.

"అయిదు," అన్నారు చివరికి, తనలో తనే. ఆ తర్వాత మా వైపు తిరిగారు. "డిపార్టుమెంటు జీపు పదింటికి బయల్దేరుతుందమ్మా. డ్రైవరు వచ్చి, పెట్రోలు పోయించి, మేం ఇక్కడికి చేరేసరికి పదకొండు. నేనూ, నా ముందువాళ్లూ, నా తర్వాతివాళ్లూ అందరం పదకొండింటికే వచ్చాం. ఇది ఈలోపు పూసి, పని ముగించుకుని, ఇల్లు సర్దేసుకునేది."

"సార్, ఎండ తిరుగుతోంది," అంది తోడికోడలు. బండ అంచు మీద వెలుగు కొంచెం కొంచెంగా మా వైపు జారుతోంది. "ఇప్పుడే అదిమేస్తేనే రేకులు నిలుస్తాయి."

సంచిలోంచి రెండు చెక్కలు, మధ్యలో పెట్టే అట్టలు, పేపర్లు తీసింది. కొమ్మ కత్తిరించి, పసిపిల్లను పక్క మీద పడుకోబెట్టినట్టు పరిచింది. ఒక్క రేకూ రాలలేదు. పై చెక్క వేసి, "పట్టీలు?" అని చెయ్యి చాపింది. చెక్కల్ని బిగించి కట్టే పట్టీలన్నమాట.

మరిది మొహం మారింది. "అవి... పట్టీలా?"

"ఏం చేశావు?"

"కారు డిక్కీ తలుపు సరిగా పడట్లేదని వాటితో కట్టేశా."

ఇద్దరూ మొగుడూ పెళ్లాలు కనుక తర్వాతి మాటలు నేను వినలేదు, అంటే రాయడం లేదు. కారు కింద ఎక్కడో ఉంది. రాళ్లు పెడదామంటే చేతికందేవన్నీ గుండ్రాళ్లే, దొర్లిపోతాయి. చెక్కను తోడికోడలు చేతులతో అదిమి పట్టుకుంది గానీ ఆ బరువు చాలడం లేదు.

"జరుగమ్మా," అన్నారు గైడుగారు.

జేబులోంచి రుమాలు తీసి చెక్క మీద పరిచి, రెండు వైపులా చూసుకుని, మెల్లిగా దాని మీద కూర్చున్నారు. మనిషి మంచి భారీ విగ్రహం. అంత బరువు ఇంతకాలం శాస్త్రానికి ఉపయోగపడలేదంటే విచారించాల్సిన సంగతే. వెన్ను నిటారుగా పెట్టి, చేతులు మోకాళ్ల మీద వేసుకుని, గ్రూపు ఫొటోలో మధ్య కుర్చీలో కూర్చున్నట్టు కూర్చున్నారు.

"పరిగెత్తు నాయనా, పట్టీలు పట్రా," అన్నారు మరిదితో. "తొందరేం లేదు, పడిపోకుండా రా."

ఈసారి కాఫీ ఆయనకిచ్చాను. తాగుతూ పొదవైపే చూస్తున్నారు. ఎండ బండ దాటి వచ్చి పొద మీద పడింది. మిగిలిన పూల రేకులు ఒక్కొక్కటే రాలడం మొదలుపెట్టాయి. ఆయన కింద ఉన్నవి మాత్రం భద్రం.

"సార్," అంది తోడికోడలు ఎదురుగా రాయి మీద కూర్చుని, ఒడిలో కాగితాలు పెట్టుకుని. అడగడానికి భయం, అడగకుండా ఉండలేని ఆత్రం. "మరి ఆ అధ్యాయం..."

"ఉంటుంది. అదే మొదటి అధ్యాయం. వెనక్కి నెట్టకు."

"గడువు..."

"నేను మాట్లాడతాను. ఈ కొమ్మ అట్ట మీదికెక్కాక వాళ్లు మాత్రం ఏమంటారు? నువ్వొకటి రాయాలి. మొదట గుర్తించినవాడు పదకొండింటికి వెళ్లేవాడు కనుక పొరపాటు పడ్డాడని, నా పేరు పెట్టి రాయి."

"బాగుండదేమో సార్. పరీక్షకులు నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వుతూ చదివితే చివరిదాకా చదువుతారు."

తోడికోడలు నవ్వింది. చాలారోజులకి నవ్వడం వల్ల కాబోలు, అది మధ్యలో వెక్కులాగా మారింది. తలవంచుకుని కలం మూత తీసింది.

"వర్ణన ఇక్కడే మొదలుపెడదాం," అన్నారాయన. "చూస్తున్నప్పుడు రాసిందే రాత. రేకులు?"

"అయిదు. విడివిడిగా. పసుపు. సూర్యోదయానికి ముందు విచ్చుకుని, ఎండ తగలగానే రాలతాయి."

"అతికిన చోటు?"

"గిన్నె అంచు మీద, మచ్చలున్న చోటే."

"ఊఁ. కేసరాలు?"

ఆమె పొదలోకి వంగి చూసి, తలెత్తింది. "చాలా ఉన్నాయి సార్. లెక్కపెట్టాలి."

కింద మలుపులో మరిది పట్టీలు ఊపుతూ, రొప్పుతూ ఎక్కుతున్నాడు. గైడుగారు అటు చూసి, ఆగమన్నట్టు చెయ్యెత్తి, చెక్క మీద ఇంకొంచెం సర్దుకుని కూర్చున్నారు.

"అయితే లెక్కపెట్టమ్మా," అన్నారు. "నేనెక్కడికీ పోవడం లేదు."